నీటిబుడగ పుట్టిల్లు

పొయ్యిమీద ఎసరు కాగునపుడు గిన్నె అడుగును ఒకమారు పరకాయించి చూడుడు. సెగ అడుగంతటికిని తగులుచున్నను బుడగలు అంతటను పుట్టవు. కొన్ని చోట్లనుండియే పూసలు గ్రుచ్చినట్లు ఒకదానివెంట నొకటి పైకి లేచును. ఆ చోట్లకు గల విశేషమేమి? ఈ చిన్న ప్రశ్నకు సరియైన సమాధానము లభించుటకు విద్వాంసులకు రెండువందల యేండ్లకు కొంచెము తక్కువగా పట్టినది. ఆ చరిత్రమును నేడు మీకు విన్నవించెదను.

నీరు 100 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద మరుగునని బడిపిల్లవాడును చెప్పును. సామాన్య వాయుపీడనమున వెలువడిన ఆవిరికి ఈ మాట చక్కగా చెల్లును. పాత్రలోని నీటికి మాత్రము పాత్రనుబట్టి భేదము కలదు. జెనీవా నగరమునకు చెందిన ద లూక్ పండితుడు నీటిలో కరగియున్న గాలిని ఎంతయో ఓపికతో వెడలించి కాచి చూచెను. ఆ నీరు 112 డిగ్రీలవరకు మరుగక నిలిచి, పిమ్మట ఒక్కుమ్మడిగా ఎగజిమ్మెను. ఈ సంగతి ఆయన 1772లో ప్రకటించిన గ్రంథమువలన తెలియుచున్నది. 1812లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గే లుసాక్, గాజుపాత్రలో నీరు మరుగుటకు 101 డిగ్రీలకు పైబడిన వేడిమి కావలసివచ్చుననియు, అందు ఇనుపరజను వేసినంతనే అది మరల 100కు దిగుననియు తెలిపెను.

దీనికి కారణమేమి? నీటిలో పుట్టిన బుడగను చుట్టునున్న నీటి తలతన్యత లోనికి అదుముచుండును. బుడగ ఎంత చిన్నదో అదుము అంత ఎక్కువ. కావున ఏమియు లేని చోట బుడగ పుట్టుట మిగుల కష్టము. పాత్ర అడుగున కంటికానని గుంటలు, గీతలు కలవు. నీరు పోసినపుడు అది ప్రతి గుంటలోనికిని పూర్తిగా దిగజాలదు. కొంత గాలి లోపల చిక్కుకొనును. పాలకు పాతపెరుగు చుక్క యెట్లో మరిగెడు నీటికి ఆ గాలి అట్లు తోడగును. ఆవిరి అందు చేరి, ఉబ్బి, బుడగయై విడివడును. గుంటలో మిగిలిన ఆవిరి తరువాతి బుడగకు విత్తగును. గుంట నోటి వ్యాసార్ధము మిల్లీమీటరులో నూరవ వంతైనచో నీరు 100కు పైని సుమారు 3 డిగ్రీలు కాగిన చాలును. వేయవ వంతైనచో 20 డిగ్రీలకు పైగా కాగవలెను.

జర్మనీలో యాకోబ్, ఫ్రిట్జ్ అనువారు 1931లో గరుకైన పలకలపై నీటిని మరిగించిరి. వేడిమి నీటికి సంక్రమించుట తొలుత మిక్కుటమై, గుంటలలోని గాలి తరిగినకొలది క్రమముగ తగ్గెను. 1934లో జపానుదేశీయుడు నుకియామా సన్నని లోహపుతీగను నీటిలో వేడిచేసి, బుడగలు పెరిగినకొలది తీగనుండి నీటికి వేడిమి విశేషముగ చేరుననియు, ఒక హద్దు దాటినచో ఆవిరి తెరవలె కప్పి తీగ మాడిపోవుననియు నిరూపించెను. కాలిన గరిటెపై నీటిబొట్టు నాట్యమాడుట ఈ తెరవలననే. దానిని లైడెన్‌ఫ్రాస్ట్ 1756లోనే వర్ణించియుండెను. 1955లో అమెరికాలో కోర్టి, ఫౌస్ట్ అనువారు లోహమును నునుపుచేసిన తీరునుబట్టి మరుగుదల మారుటను కొలిచిరి. 1960లో గ్రిఫిత్, వాలిస్ అనువారు రాగిమీద సూదిమొనతో గుంటలు పొడిచి, బుడగ గణితము చెప్పిన వేడిమికే ఆ గుంటనుండి లేచుటను ప్రకటించిరి. అంతటితో బుడగ పుట్టిల్లు నిస్సందేహముగ తెలిసినది.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. మా హనుమాన్ జంక్షన్‌లోని నూజివీడు స్టేషనుమీదుగా ఒకప్పుడు సాగిన బొగ్గుయింజనులకును, ఇబ్రహీంపట్నమున 1979లో పని ప్రారంభించిన విద్యుత్కేంద్రమునకును ఆవిరియే ప్రాణము. బాయిలరు గొట్టములోపల బుడగలు సక్రమముగ లేచుచున్నంతకాలము లోహము చల్లబడుచుండును. ఆవిరి తెరకట్టెనా, గొట్టము కాలి పగులును; దగ్గరనున్న పనివారి ప్రాణములకే ముప్పు. గరుకుదనము మంచిదని సున్నపు పొర పేరుకొననిచ్చుటయు తగదు. అది వేడిమిని అడ్డగించును.

నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో, ప్రయోగశాలలో గాజుకుప్పెలోని ద్రవమును మరిగించుటకు ముందు కుండపెంకు ముక్కలు వేయించుచుంటిమి. మన కుమ్మరి మట్టిలోని సన్నని రంధ్రములే అచట బుడగలకు నెలవులు. ఆ జాగ్రత్త నేడు ఇంటింటికిని అవసరమైనది. మన పల్లెలలోనికిని మైక్రోవేవ్ పొయ్యిలు వచ్చినవి. నున్నని గాజుకప్పులో నీరు అందు బుడగ లేకయే 100 డిగ్రీలు దాటవచ్చును. చూచుటకు నెమ్మదిగనే యుండును. కాఫీపొడి వేసినను, చెంచా ముంచినను ఎగసి ముఖమును కాల్చును. కావున కాచుటకు ముందే అందు ఒక కొయ్యచెంచా నుంచుడు, అధికముగ కాచకుడు, కాచిన పిదప కొంతసేపు కదల్పకుడు. ఈ మాట ఇంటనున్న మనుమలకు తప్పక చెప్పుడు.

పూర్వులు బుద్బుదమును క్షణభంగురమైన బ్రతుకునకు ఉపమానముగ వాడిరి. దాని చావు అందరికిని తెలిసినదే. దాని పుట్టుక తెలిసికొనుటకు మాత్రము మనుష్యుడు గిన్నె అడుగున నున్న గీతలోనికి తొంగిచూడవలసి వచ్చెను.