దీర్ఘకాలిక నొప్పికి ఓపియాయిడ్లు: అమెరికా కుటుంబ వైద్యుల చిక్కులు

అమెరికాలో ఏళ్ల తరబడి వదలని నడుము నొప్పికీ, కీళ్ల అరుగుదలకీ రోగి సాధారణంగా ముందు వెళ్లేది కుటుంబ వైద్యుడి దగ్గరికే. మార్ఫిన్ తరహా నొప్పి మందులైన ఓపియాయిడ్ల చీటీల్లో సుమారు సగం ప్రాథమిక వైద్యులు రాస్తున్నవేనని 2016లో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పేర్కొంది.

ఆ అలవాటు ఊరికే రాలేదు. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒకే పేరా ఉన్న లేఖ అచ్చయింది. ఓపియాయిడ్ ఇచ్చిన 11,882 మందిలో నలుగురికే వ్యసనం కనిపించిందని దాని సారాంశం. అది ఆసుపత్రిలో చేరినవారి లెక్క; ఇంట్లో ఏళ్ల తరబడి మాత్రలు మింగేవారిది కాదు. అయినా మందు భద్రమనడానికి దాన్నే రుజువుగా చూపుతూ వచ్చారు. 1996లో పర్డ్యూ ఫార్మా కంపెనీ ఓపియాయిడ్ మాత్ర ఆక్సీకాంటిన్‌ను తెచ్చింది. వ్యసన ప్రమాదాన్ని తక్కువ చేసి చెప్పినందుకు దాని అనుబంధ కంపెనీ 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది.

మందు పనిచేస్తుందా అన్నది మరో చిక్కు. నడుము, తుంటి, మోకాలి నొప్పులున్న 240 మందిని ఏడాదిపాటు గమనించిన అధ్యయనం 2018లో వెలువడింది. రోజువారీ పనులు చేసుకోవడంలో ఓపియాయిడ్లు మామూలు నొప్పి మందులను మించలేదు.

రోగిని నమ్మాలా, అనుమానించాలా అన్నది వైద్యుడికి నిత్యం ఎదురయ్యే ప్రశ్న. మూత్ర పరీక్ష సాయం చేస్తుంది కానీ తప్పుదారి కూడా పట్టిస్తుంది. గసగసాలు తిన్నా మార్ఫిన్ ఉన్నట్టు తేలవచ్చు. మందు సక్రమంగా వాడుతున్నవారిలో సాధారణ పరీక్షకు ఆక్సీకోడోన్ అనే ఓపియాయిడ్ చిక్కకపోవచ్చు. ఆ ఫలితం చూసి రోగిని అబద్ధాలకోరని వెళ్లగొడితే అన్యాయమే.

అంతకన్నా కష్టం, ఎప్పటినుంచో పెద్ద మోతాదు మీద ఉన్నవారి సంగతి. రోజుకు 90 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు సమానమైన మోతాదు దాటించవద్దని సీడీసీ 2016 మార్గదర్శకాలు సూచించాయి. చాలామంది వైద్యులు ఆ సలహాను చట్టంలా పట్టుకుని మోతాదు ఒక్కసారిగా కోసేశారు. అలా ఆపితే తీవ్రమైన ఉపసంహరణ బాధలు, ఆత్మహత్య ముప్పు ఉంటాయని మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో హెచ్చరించింది. అదే ఏడాది వెలువడిన ఒక అధ్యయనం కోసం మిషిగన్‌లో 194 క్లినిక్‌లకు ఫోన్ చేసి చూస్తే, ఓపియాయిడ్ వాడే కొత్త రోగిని తీసుకోబోమని పదింటికి నాలుగు చెప్పాయి.

2022లో సవరించిన సిఫారసుల్లోంచి సీడీసీ ఆ అంకెను తీసేసింది. 2016 సలహా ఆధారంగా కొన్ని రాష్ట్రాలు, బీమా కంపెనీలు పెట్టుకున్న పరిమితులు మాత్రం దానితోపాటే రద్దు కాలేదు.