మాల్మోలో గెలిచిన పిల్లలు ఎవరి పిల్లలు?

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలే కాదు. ఈసారి ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి రాస్తున్నాం.

యూరప్ దేశాల అండర్-21 ఛాంపియన్‌షిప్ 1978 నుంచి జరుగుతోంది. ఇంచుమించు మన ఈడు వాళ్ల పోటీ ఇది. 2009 జూన్ 29న స్వీడన్‌లోని మాల్మోలో జరిగిన ఫైనల్లో జర్మనీ 4-0తో ఇంగ్లండ్‌ను ఓడించింది.

ఆ జట్టు ఊరికే రాలేదు. 2000 యూరో కప్‌లో జర్మనీ పెద్దల జట్టు తన గ్రూపులో ఆఖరున నిలిచింది. ఆ దెబ్బతో దేశమంతా పిల్లలకు శిక్షణ కేంద్రాలు పెట్టారు. మాల్మోలో ఆడినవాళ్లను చూడండి. కెప్టెన్ ఖెదీరా తండ్రిది ట్యునీషియా, బోటెంగ్ తండ్రిది ఘనా. ఓజిల్‌ది టర్కీ నుంచి పనికోసం వలస వచ్చిన కుటుంబం. ఈ ముగ్గురితో పాటు నోయర్, హుమెల్స్, హోవెడెస్ కూడా 2014లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నారు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. 2018 ప్రపంచకప్‌లో జర్మనీ మొదటి రౌండ్‌లోనే ఇంటికెళ్లింది. గెలిస్తే జర్మన్‌గా, ఓడితే వలసవాడిగా చూస్తున్నారని చెప్పి ఓజిల్ జాతీయ జట్టు వదిలేశాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న!

మనలో ఎవరికైనా మెడల్ వస్తే "మా బిడ్డ" అంటారు. మిగతా రోజుల్లో ఏమంటారో మనకు తెలుసు. మైదానం, కోచ్ ఇవ్వడం ఒక ఎత్తు. ఓడిన రోజు కూడా మనోడే అనడం ఇంకో ఎత్తు. మనం రెండూ అడగాలి.