గ్యారేజీలోకి వచ్చిన రంపం

చెక్క కోసే యంత్రాల మీద 1922లో బ్రిటన్ ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. గుండ్రటి రంపానికి అందులో ముఖ్యంగా రెండు షరతులు పెట్టారు. బ్లేడు మీద మూత ఉండాలి. బ్లేడు వెనక, సరిగ్గా అదే వరసలో, రైవింగ్ నైఫ్ అనే ఉక్కు రేకు నిలబడి ఉండాలి. ఈ షరతులు ఊరికే పుట్టలేదు. శామ్యూల్ మిల్లర్ 1777లో గుండ్రటి రంపంతో కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1800ల మొదట్లో పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో ఓడల కప్పీలు చేసే కర్మాగారంలో అలాంటి రంపాలు ఆవిరి బలంతో తిరిగాయి. అక్కడి నుంచి ఆ యంత్రం ఎన్ని చేతుల్ని దెబ్బతీశాక ఆ రెండు షరతులూ కాగితం మీదికి ఎక్కాయో ఊహించుకోవచ్చు.

అయితే అవి కర్మాగారాలకు పెట్టిన షరతులు. యంత్రం ఇంటికి వచ్చినప్పుడు దాని వెంట ఇన్‌స్పెక్టర్ రాలేదు. ఇంట్లో సరదాకి చెక్కపని చేసుకునేవాళ్లు వేళ్లు పోగొట్టుకున్న కథ అక్కడ మొదలవుతుంది. దాన్నంతటినీ అజాగ్రత్త అన్న ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయం.

అమెరికాలోని మిల్వాకీలో హెర్బర్ట్ టౌట్జ్ 1919లో డెల్టా స్పెషాల్టీ కంపెనీ పెట్టాడు. ఇళ్లకు కరెంటు వస్తోంది, చిన్న మోటార్లు దొరుకుతున్నాయి. కార్ఖానాలో నేలకు బిగించే భారీ యంత్రాన్ని కుదించి, ఇంటి మూలలో పట్టేలా చేసి అమ్మవచ్చని అలాంటి కంపెనీలు కనిపెట్టాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ వ్యాపారం ఊపందుకుంది. ఊరి చివర కొత్త ఇళ్లు లేచాయి, ఇంటింటికీ గ్యారేజీ వచ్చింది. 1947లో హాన్స్ గోల్డ్‌ష్మిట్ తయారుచేసిన షాప్‌స్మిత్ ఒకే మోటారుతో రంపంగా, తరిమెన పట్టే యంత్రంగా, డ్రిల్లుగా మారేది. దాన్ని మాంట్‌గోమరీ వార్డ్ దుకాణాల్లో అమ్మారు. గురువు దగ్గర ఏళ్ల తరబడి పని నేర్చుకున్న వడ్రంగి వాడే యంత్రం, ఆదివారం పూట పుస్తకాల అర చేసుకుందామనుకున్న గుమాస్తా చేతికి వచ్చింది. ఎంత మంచి మార్పో అంత ప్రమాదకరమైనది కూడా.

టేబుల్ సా ఎలా దెబ్బ కొడుతుందో తెలిస్తేనే తర్వాతి కథ అర్థమవుతుంది. బల్ల మధ్యలో చీలిక, అందులోంచి బ్లేడు కొంత పైకి వచ్చి ఉంటుంది. మనిషి వైపున్న పళ్లు కిందికి దిగుతూ చెక్కను బల్లకు అదిమి కోస్తాయి. అవతలి వైపు పళ్లు మాత్రం పైకి లేస్తూ, మనిషి వైపు తిరిగి వస్తాయి. చెట్టు పెరిగినప్పటి బిగువు చెక్కలో దాగి ఉంటుంది. కోసేకొద్దీ ఆ బిగువు సడలి, కోసిన సందు వెనకవైపు మూసుకుని బ్లేడును పట్టేస్తుంది. లేదా పలక కొంచెం వంకరగా జరిగి వెనక పళ్ల మీదికి ఎక్కుతుంది. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 సార్లు తిరుగుతుంటే దాని అంచు వేగం గంటకు 190 కిలోమీటర్లు. చెక్క ఆ వేగాన్ని అందుకుని ఎదురు తంతుంది. పొట్టలో తగిలితే అదొక గాయం. అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. చెక్కను నెడుతున్న చెయ్యి, ఆసరాగా ఉన్న చెక్క ఒక్కసారిగా మాయమవడంతో, ముందుకు తూలి బ్లేడు మీద పడుతుంది. మనిషి ఉలిక్కిపడేలోపే అంతా అయిపోతుంది.

రైవింగ్ నైఫ్ పని ఆ సందు మూసుకోకుండా ఆపడం. బ్లేడుతో పాటే లేస్తుంది, దిగుతుంది, బ్లేడుకు దగ్గరగా అంటిపెట్టుకుని ఉంటుంది. ఖరీదైన వస్తువు కూడా కాదు. అయినా అమెరికాలో ఇళ్లకు అమ్మిన రంపాలకు దశాబ్దాల పాటు దాన్ని పెట్టలేదు. బదులుగా మూతనూ ఒక రేకునూ కలిపి యంత్రం వెనక బిగించారు. అది బ్లేడుతో పాటు కదలదు. పలకలో గాడి తియ్యాలంటే దాన్ని మొత్తంగా ఊడదీయాలి. మళ్లీ బిగించాలంటే స్పానర్ పట్టుకుని వంగాలి, వరస సరిచూడాలి. మొదటి గాడి కోసం ఊడదీసిన మూత అటక మీదికి చేరేది. కొత్త నమూనాలకు రైవింగ్ నైఫ్ ఉండాలన్న ప్రమాణం అమెరికాలో అమలైంది 2008లో. బ్రిటన్ కర్మాగారాలకు చెప్పిన 86 ఏళ్లకు!

1970లో వచ్చిన అమెరికా కార్మిక భద్రతా చట్టం జీతానికి పనిచేసేవాళ్లకే వర్తించింది. గ్యారేజీలో ఉన్నవాడు యజమానీ కాదు, కార్మికుడూ కాదు. 1958 నుంచి 1992 దాకా సియర్స్ దుకాణాలు అమ్మిన క్రాఫ్ట్స్‌మన్ రేడియల్ ఆర్మ్ రంపాలు (బల్ల పైన అడ్డకమ్మీకి వేలాడే రంపాలు) 37 లక్షల వరకు, మూత సరిగా లేదన్న కారణంతో రీకాల్ అయ్యాయి. ఆ ప్రకటన వచ్చింది 2000 సంవత్సరంలో.

అదే ఏడాది ఆగస్టులో అట్లాంటాలో జరిగిన చెక్కపని యంత్రాల ప్రదర్శనలో స్టీవ్ గాస్ అనే పేటెంటు లాయరు, తిరుగుతున్న బ్లేడు మీదికి హాట్‌డాగ్ అనే మాంసపు సాసేజీని నెట్టి చూపించాడు. సాసేజీ మీద చిన్న గీత పడింది, బ్లేడు ఆగిపోయింది. గాస్ భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసినవాడు, ఇంట్లో చెక్కపని అంటే ఇష్టం. బ్లేడులో సన్నటి విద్యుత్ సంకేతం పారుతూ ఉంటుంది. ఎండిన చెక్క దాన్ని కదిలించదు, తడి ఉన్న మనిషి ఒళ్లు తగలగానే సంకేతం పడిపోతుంది. వెంటనే సన్నటి తీగ కాలి తెగి, అది పట్టి ఉంచిన స్ప్రింగు వదులై, అల్యూమినియం దిమ్మెను పళ్లలోకి గుచ్చుతుంది. ఇదంతా సెకనులో 200వ వంతు లోపే. దిమ్మె పోతుంది, చాలాసార్లు బ్లేడూ పోతుంది, వేలు మిగులుతుంది. తర్వాత గాస్ తన వేలినే పెట్టి చూపించాడు.

పెద్ద కంపెనీలు దాన్ని తీసుకోలేదు. ఖర్చన్నారు, లైసెన్సు రుసుము ఎక్కువన్నారు. గాస్ తానే సాస్టాప్ పేరుతో రంపాలు అమ్మడం మొదలుపెట్టాడు. ఈలోగా బోస్టన్ ప్రాంతంలో ఇళ్లకు చెక్క నేల పరిచే పనివాడొకడు 2005లో చవక రంపం మీద చెయ్యి కోసుకుని, అలాంటి రక్షణ ఎందుకు పెట్టలేదని తయారీదారు మీద దావా వేశాడు. మూత లేకుండా కోశాడన్న సంగతి జ్యూరీకి తెలుసు. అయినా 2010లో అతనికి 15 లక్షల డాలర్లు ఇప్పించింది. మూత ఊడదీయక తప్పని యంత్రాన్ని చేసి, ఊడదీసినవాడిదే తప్పంటే చెల్లదని ఆ తీర్పు గట్టిగానే గుర్తుచేసింది.

అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ లెక్కలో 2015 ఒక్క ఏడాదే టేబుల్ సా గాయాలతో సుమారు 33,400 మంది ఆసుపత్రి అత్యవసర విభాగాలకు వచ్చారు. వారిలో సుమారు 4,700 మందికి వేలో, అందులో కొంత భాగమో తెగిపోయింది. కథలో బాధపెట్టే మలుపు ఇంకొకటుంది. బాష్ కంపెనీ 2016లో ఇలాంటి రంపాన్నే తెస్తే, సాస్టాప్‌తో పేటెంట్ల గొడవలో మరుసటి ఏడాది అమెరికాలోకి దాని దిగుమతి ఆగిపోయింది. ప్రాణం మీది సంగతిలో అంత గట్టిగా పట్టుకోవలసింది కాదు. భద్రతా నియమం అమల్లోకి వస్తే ఒక కీలక పేటెంటును అందరికీ వదిలేస్తామని సాస్టాప్ చెప్పింది 2024లో.

రంపం ఒక్కటే కాదు. చెక్కకు అవిసె నూనె పట్టించిన గుడ్డల్ని ముద్దగా పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే వేడి పోతుంది, కుప్పగా ఉంటే లోపలే పెరుగుతుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలోని వన్ మెరీడియన్ ప్లాజా 22వ అంతస్తులో అలా పుట్టిన మంట ముగ్గురు అగ్నిమాపక సిబ్బందిని బలి తీసుకుంది. ఇంటి షెడ్డులోనూ జరిగేది అదే. ఆ గుడ్డల్ని ఆరుబయట విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయాలి. దుమ్ము సంగతి ఇంకా నెమ్మది. ఇంగ్లండులోని హై వికమ్ కుర్చీల పనివాళ్లలో ముక్కు క్యాన్సర్ ఎక్కువని 1968లో వైద్యులు రాశారు. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది.

ఈ చరిత్ర మన ఊళ్లకూ చేరింది. తెలుగు పట్టణాల్లో చాలాచోట్ల ఫర్నిచర్ పనివాళ్లు చేతిలో పట్టుకునే కట్టర్ మిషన్‌ను తలకిందులు చేసి ప్లైవుడ్ బల్ల కింద బిగిస్తారు. బల్లకు చీలిక పెట్టి బ్లేడును పైకి తీస్తారు. తక్కువ ఖర్చులో టేబుల్ సా తయారు. మూత ఉండదు, వెనక రేకు ఉండదు. 1948 ఫ్యాక్టరీల చట్టం యంత్రబలం వాడేచోట కనీసం పది మంది పనివాళ్లుంటేనే వర్తించేది. నలుగురు పనిచేసే షాపు దాని కిందికి వచ్చేది కాదు, ఇల్లు అసలే వచ్చేది కాదు. ఆ బల్లలో మరీ ప్రమాదం స్విచ్. కట్టర్ ట్రిగ్గర్‌ను తాడుతోనో, ప్లాస్టిక్ ట్యాగ్‌తోనో నొక్కి కట్టేసి, గోడ దగ్గరున్న ప్లగ్‌తోనే నడుపుతారు. చెక్క ఎదురు తన్నినా బ్లేడు పట్టేసినా యంత్రం ఆపాలంటే బల్ల వదిలి గోడ దాకా పోవాలి. బల్ల అంచుకు, మోకాలికి అందేలా ఒక పెద్ద స్విచ్ బిగిస్తే చేతులు చెక్క మీదే ఉండగా ఆపేయొచ్చు. దానికి వైరు, ఒక ఎలక్ట్రీషియన్, కొన్ని వందల రూపాయలు సరిపోతాయి.