చిత్తూరు చాక్లెట్, కోకో గింజ

శ్రమదినాలు వస్తే మా సంఘంలో పిల్లలు ముందుగా చేసే తీర్మానం ఒకటే: నలభై రోజులు చాక్లెట్ తినం. ఆ డబ్బు కానుకల పెట్టెలో వేస్తారు. సంతోషమే. కానీ మనం చాక్లెట్ అంటున్నది దేన్ని?

చిత్తూరువాళ్లకు ఇది ఇంటి ప్రశ్నే. 1952లో బి.వి. రెడ్డి గారు ఈ ఊళ్లోనే న్యూట్రిన్ మిఠాయిల కంపెనీ పెట్టారు. 2006లో అది గోద్రెజ్ చేతికి వెళ్లింది. పాల టాఫీ అయినా, పండ్ల రుచి బిళ్ల అయినా, కాగితం చుట్టిన ప్రతిదీ మనకు చాక్లెట్టే. అంగట్లో చిల్లర లేకపోతే చేతిలో పెట్టేదీ చాక్లెట్టే. వాటిలో చాలావాటికి కోకో వాసన కూడా తగల్లేదు.

అసలు చాక్లెట్ సంగతి వేరు. కోకో గింజలో ఒంటిని ఉత్తేజపరిచేవి రెండున్నాయి: థియోబ్రోమిన్, కెఫీన్. మొదటిదే చాలా ఎక్కువ. 100 గ్రాముల నల్ల చాక్లెట్‌లో అది సుమారు 800 మిల్లీగ్రాములైతే కెఫీన్ 80 దాకా ఉంటుంది. థియోబ్రోమిన్‌ను 1841లో రష్యా రసాయనవేత్త వోస్క్రెసెన్‌స్కీ గింజల నుంచి వేరుచేశారు. లిన్నేయస్ ఆ చెట్టుకు పెట్టిన థియోబ్రోమా అనే పేరు నుంచే దీని పేరు వచ్చింది. గ్రీకులో దానర్థం దేవతల ఆహారం. మనిషికి ఇది కెఫీన్ కంటే నెమ్మది. కుక్క ఒంట్లో మాత్రం త్వరగా అరగదు, ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు జాగ్రత్త.

ఈ ఉత్తేజమే ఒకప్పుడు సంఘంలో పెద్ద తగవు తెచ్చింది. మెక్సికో నుంచి స్పెయిన్‌కు వచ్చిన చాక్లెట్ అప్పట్లో తాగేదే. ఉపవాసంలో తాగితే నీరసం పోయి ఒళ్లు నిలబడుతుంది. మరి అది ఉపవాసమేనా? 1636లో మాడ్రిడ్‌లో ఆంటోనియో డి లియోన్ పినెలో ఈ ఒక్క ప్రశ్న మీద పుస్తకమే అచ్చువేశారు. 1664లో రోమ్‌లో కార్డినల్ బ్రాంకాచ్చో, పానీయం ఉపవాసాన్ని భంగం చేయదని వాదించారు. ఆ వాదన మాకంతగా రుచించదు. గ్లాసులో పోసినంత మాత్రాన బలం తగ్గదు కదా!

మన పిల్లలు మానేది నిజానికి పంచదారే. ఉత్తేజం పెద్దల గ్లాసులో ఉంది: ఒక చిక్కటి కాఫీలోనే ఇంచుమించు ఆ 80 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. పోయిన ఏడు మా సంఘంలో ముగ్గురు పెద్దలు పిల్లలతోపాటు కాఫీ మానారు. రెండో రోజుకే తలనొప్పి పట్టుకుంది. అలవాటైన కెఫీన్ ఆగితే వచ్చే నొప్పే అది. సాధారణంగా వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది.