బళ్లారి సీమ బాలింతలు: ధాత కరువు నుంచి సుగ్గి బాట దాకా

తల్లే ఉంటే శివుణ్ణి విషం తాగనిచ్చేదా, ఒళ్లంతా బూడిద పూసుకోనిచ్చేదా అని శివభక్తురాలు బెజ్జ మహాదేవి బాధపడింది. ఆ తల్లిని నేనే అవుతానని ఆయన్ను పసిబిడ్డలా ఒళ్లో వేసుకుని సాకింది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిన ఈ కథను 1369లో భీమకవి కన్నడంలోకి తీసుకెళ్లాడు. తెలుగూ కన్నడమూ ఒకే వీధిలో వినిపించే బళ్లారి సీమకు ఇంతకన్నా తగిన తల్లి కథ దొరకదు. బిడ్డయిన శివుడు జబ్బుపడినట్టు నటిస్తే ఆ తల్లి ప్రాణం విలవిల్లాడిపోవడమే కథకు ఆయువుపట్టు.

కథలో ఎలా ఉన్నా, ఇళ్లలో కాన్పయిన తొలి రెండు మూడు రోజులు బిడ్డను రొమ్ముకు దూరంగా ఉంచడం దక్షిణాదిలోనూ, దేశంలో ఇంకా చాలాచోట్లా ఆచారంగా ఉండేది. చిక్కగా, పసుప్పచ్చగా వచ్చే ముర్రుపాలు బిడ్డకు అరగవని పిండి పారబోసేవారు. ఆలోపు ఉగ్గుగిన్నెతో ఆముదమో, తేనెచుక్కో, చక్కెర నీళ్లో పోసేవారు. ఈ తప్పును మంత్రసాని నెత్తిన వేయడం సులువు. కానీ తల్లికి పాలు మూడో నాలుగో రోజుకు గానీ పడవని సుశ్రుత సంహితే అంటుంది, అప్పటిదాకా తేనె, నెయ్యి నాకించమంటుంది. పండితుడు రాసిందే మంత్రసాని చేసింది.

పారబోసింది మామూలు పాలు కావు. తల్లి ఒంట్లో తయారైన రోగనిరోధక శక్తి పాలలో అన్నిటికన్నా చిక్కగా ఉండేది ఆ ముర్రుపాలలోనే. విరేచనాలు, న్యుమోనియా పసికందుల్ని ఎత్తుకుపోయే రోజుల్లో అంతకు మించిన మందు లేదు. తల్లికీ లాభమే. బిడ్డ చన్ను చీకగానే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది, కాన్పు తర్వాతి రక్తస్రావం తగ్గుతుంది. పాలిచ్చిన తల్లులకు తర్వాతి వయసులో రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ ముప్పు తక్కువ. మరో మాట: బళ్లారి ఎండకు బిడ్డ గొంతు ఎండుతుందని నీళ్లు పట్టే అవ్వలున్నారు. చనుబాలలో సుమారు 87 శాతం నీరే. ఆరు నెలలదాకా, మండు వేసవిలో కూడా, బిడ్డకు వేరే నీళ్లు అక్కర్లేదు.

అయితే పాలు పడాలంటే తల్లి కడుపు నిండాలి. ఈ సీమ చరిత్రలో అది తరచూ జరగని పని. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్న దత్తమండలాల్లో బళ్లారి ఒకటి. 1876లో వానలు మొహం చాటేశాయి. ధాత, ఈశ్వర సంవత్సరాల పేరుతోనే జనం గుర్తుపెట్టుకున్న ఆ కరువులో జిల్లా జనాభాలో దాదాపు ఐదోవంతు తరిగిపోయింది. కరువు పరిస్థితి చూడమని ప్రభుత్వం పంపగా 1877 జనవరిలో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లర చాలునని తేల్చాడు. అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. లెక్క చూస్తే కార్నిష్‌దే న్యాయం. పౌను ధాన్యమంటే సుమారు 1,600 క్యాలరీలు. రాళ్లు కొట్టే మనిషికే అది చాలదు. పాలిచ్చే తల్లికైతే మామూలు తిండికి పైన ఇంకో 600 క్యాలరీలు కావాలని నేటి భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. పశువులూ చచ్చిపోయిన ఊళ్లలో చనుబాలు ఇంకితే బిడ్డకు మరో దారి లేదు.

ఆ కరువులో మద్రాసు రాజధాని అంతటా కాన్పులు పడిపోయి, తర్వాత ఒక్కసారిగా పెరిగాయి. అందులో చనుబాల పాత్ర కూడా ఉంది. రాత్రీ పగలూ పాలిస్తున్నంతకాలం తల్లికి నెలసరి ఆలస్యమవుతుంది, కాన్పుకూ కాన్పుకూ ఎడం దొరుకుతుంది. చంటిబిడ్డ పోతే ఆ ఎడమూ పోతుంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. బాలింత బతుకును ఆ గీత పెద్దగా మార్చలేదు. ఆదోని, ఆలూరు పల్లెల నుంచి నేటికీ ఏటా కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, పోతాయి. గుంటూరు వైపు మిరప కోతకో, పత్తి తీతకో పోయిన తల్లి చెట్టుకు కట్టిన జోలెలో బిడ్డను పడుకోబెట్టి చాలు పట్టుకుని సాగిపోతుంది. బళ్లారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఆడవాళ్లలో చాలామందికి ఇల్లే ఫ్యాక్టరీ, కుట్టిన ముక్కకే కూలి. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచిన చట్టం జీతం రిజిస్టరులో పేరున్న ఉద్యోగినికే. వీళ్లను అది తాకనే లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పనిచోటికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు వస్తే చూసుకోడానికి ఒక మనిషిని పెట్టాలని రాశారు. టెంపుల్ నాటి నుంచి చూస్తే అది పెద్ద మార్పే, అమలైన చోట.

డబ్బాపాల ప్రకటనల్ని 1992 చట్టం ఆపింది. కాన్పు ఇల్లు దాటి ఆసుపత్రికి చేరింది. బళ్లారిలో 1961లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల చుట్టుపక్కల జిల్లాలకు పెద్ద దిక్కయింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే, కానీ పుట్టిన గంటలోపు తల్లిపాలు అందింది 41.8 శాతం పిల్లలకే. ఇక మంత్రసానినీ ముసలవ్వనూ తిట్టి లాభం లేదు. ఆపరేషన్ కాన్పయినా సరే, తల్లీబిడ్డా బాగుంటే బిడ్డను గంటలోపు తల్లి రొమ్ము దగ్గరకు చేర్చమని ఆసుపత్రిలో అడగండి. మీ పొలంలో, మీ షెడ్డులో చంటిపిల్ల తల్లి పనిచేస్తుంటే, ఆమె పాలివ్వడానికి లేచిన సమయానికి కూలి కోయకండి.