చక్రాల మీద దోసపాదు

రాజులు వజ్రాల కోసం, రాజ్యాల కోసం కొట్టుకు చచ్చారని చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాం. దోసకాయ కోసం తాపత్రయపడిన చక్రవర్తి సంగతి మాత్రం మనకెవరూ చెప్పలేదు.

క్రీ.శ. 14 నుంచి 37 దాకా రోమ్‌నేలిన టైబీరియస్‌కి ప్రతిరోజూ పళ్ళెంలో దోసకాయ ఉండి తీరాలట. చలికాలం వస్తే దోసతీగ బతకని దేశంలో అదెలా సాధ్యం? క్రీ.శ. 77 ప్రాంతంలో ప్లినీ అనే పెద్దమనిషి ఆ వైభోగమంతా రాసిపెట్టాడు. పాదులన్నీ చక్రాల మీదే! ఎండ కాస్తే బయటికి తోసేవారు. చలి రోజుల్లో వెనక్కి లాగి, వెలుతురు దూరే పల్చటి రాతిపలకలు కప్పేవారు. ఇప్పటి గాజు తోటలకు ఇదే ముత్తాత అంటారు. అంతా రాసిన ప్లినీ, ఆ బళ్ళు తోసిన తోటమాలుల్లో ఒక్కడి పేరైనా రాయలేదు చూశారూ! నవలలు రాసుకునేదాన్ని కదా, చక్రవర్తిని వదిలేసి నా మనసు వాళ్ళ చుట్టూనే తిరుగుతుంది. కాయ అందని రోజున వాళ్ళెవరికి జవాబు చెప్పుకోవాలి పాపం!

ఇంతకీ ఆయన తిన్నది కీరదోస కాదట. అది పాములా పొడుగ్గా, నూగుతో ఉండే మరో దోస అని 2008లో హ్యారీ పారిస్, జూల్స్ జానిక్ అనే పరిశోధకులు తేల్చారు. అది ఖర్బూజా జాతి. మనం పప్పులో వేసుకునే పసుపురంగు గుండ్రటి దోసకాయదీ అదే జాతి. అంటే చక్రవర్తిగారి కాయ మన పప్పు దోసకాయకి దాయాదన్నమాట!

కీరదోసకు మాత్రం పుట్టిల్లు మనదేశమే. హిమాలయాల దిగువన దాని అడవి చుట్టం ఇప్పటికీ కాస్తుంది. చిన్నచిన్న కాయలు, నోట పెట్టలేనంత చేదు. ఆ పుట్టింటి గుణం మన పెరటి తీగలోనూ దాక్కునే ఉంటుంది. మండుటెండలో ఓరోజు నీళ్ళు పోసి మూడ్రోజులు మరిచిపోయామా, బయటికి తన్నుకొస్తుంది, ముఖ్యంగా తొడిమ వైపు, తొక్కలోను. పాదులో ఎండుటాకులు పరిచి, చెమ్మ ఆరకుండా చూసుకుంటే సగం బెంగ తీరినట్టే. నీళ్ళు మొదట్లో పొయ్యాలి సుమండీ, ఆకుల మీద కాదు.

రైలింజన్ల జార్జి స్టీఫెన్‌సన్‌ది ఇంకో పట్టుదల. కాయ వంకర పోకూడదు! 1848లో చనిపోయేముందు, చెస్టర్‌ఫీల్డ్‌లోని ఇంట్లో విశ్రాంతిగా ఉన్న రోజుల్లో, గాజు గొట్టాలు చేయించి కాయల్ని వాటిలో పెంచాడు. మనకా ఖర్చెందుకు? పందిరికి పాకిస్తే, వేలాడే కాయ తన బరువుకి తనే తిన్నగా దిగుతుంది.

మొదటి పూలు రాలిపోతే పాదు గొడ్డుదనుకుని పీకెయ్యకండి. అవి మగపూలు. వెనకాల బుల్లి పిందెతో వచ్చేవి ఆడపూలు. తేనెటీగలు రాని మేడల మీదైతే పొద్దున్నే మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి.

కాసినవి లేతగానే కోసెయ్యాలి. ఒక్క కాయ తీగమీదే ముదిరి గింజ కట్టిందంటే, కొత్త పిందెలు తగ్గిపోతాయి. రోజూ కాయ కావాలన్న టైబీరియస్ మంకుపట్టే ఆ చక్రాల పాదుల్ని అన్నాళ్ళు కాయించిందేమో అనిపిస్తుంది నాకు.