కట్టమీది బాట

ఓరుగల్లునుండి ఈశాన్యముగా బయలుదేరి, ములుగు దాటి, జంగాలపల్లి కడ పెద్దరోడ్డును విడిచి, పిమ్మట పాలంపేటకు పోవు తారుబాటను గూడ విడిచి పొలముల నడుమ బండ్లదారి పట్టిన బాటసారికి మొట్టమొదట ఎదురగునది మొరము. ఎఱ్ఱగా, గరుకుగా, వానకాలమున చక్రమునకు అంటుకొని వదలక, ఎండకాలమున చక్రము క్రింద చిటచిట పగులుచు, ఆ మట్టి తన స్వభావమును వాని మోచేతులకును నడుమునకును చక్కగా బోధించును. ఈ మట్టినే తట్టల కెత్తి, పొరలు పొరలుగా పరచి, నీరు చల్లి, దిమ్మిసలతో కొట్టి, 800 ఏండ్ల క్రిందట కాకతీయులనాటి జనులు గుట్టకును గుట్టకును నడుమ కట్టలు పోసిరి. ఆ కట్టలమీద నేటికిని బాట నడచుచున్నది.

ఇట్టి బాటలపై తొక్కుటకై ప్రత్యేకముగా చేసిన సైకిళ్ళు ఇప్పుడు నగరములలో అమ్ముడుపోవుచున్నవి. వానిని గ్రావెల్ బైకులందురు. పొట్టేలు కొమ్మువలె క్రిందికి వంగిన హ్యాండిలు, గట్లుదేరిన వెడల్పు టైర్లు, డిస్కు బ్రేకులు వాని లక్షణములు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున ఎంపోరియా అను ఊరికడ 2006లో మొదలైన ఒక సుదీర్ఘమైన పందెము ఈ క్రీడకు పేరు తెచ్చినది. పేరు క్రొత్తది, పనియన్ననో, పాలక్యానులు ఇరుప్రక్కల వ్రేలాడదీసి, వెనుక గడ్డిమోపు కట్టి, ఒక్క గేరైనను లేని అట్లాస్ సైకిలుపై మన డొంకలలో సాగిపోయిన పాలవాడు ఏ పందెమునకును రుసుము చెల్లింపకయే చేసినది. నేనును ఆ క్రొత్తరకపు సైకిలునే తీసికొనిపోతిని గాన పాలవానిని పొగడుటకు నాకు అధికారము తక్కువ.

అయినను ఆ వాహనమున కొక గుణము కలదు. కారులో వచ్చువాడు పాలంపేటలోని రామప్పగుడి వాకిట దిగి, గుడి చూచి, చెరువుగట్టున ఫోటో దిగి, గుడికి చెరువు అలంకారమని తలచి మరలిపోవును. సైకిలువానికి ఆ క్రమము తలక్రిందులగును: వాడు మొదట వరిమళ్ళ గట్లు దాటవలెను, ఆ మళ్ళకు నీరు తెచ్చు కాలువవెంట ఎదురు పోవలెను, కాలువ పుట్టిన తూమును చేరవలెను, ఊపిరి బిగబట్టి కట్ట నెక్కవలెను, ఇంతయు నైన పిమ్మటగాని గుడికి పోవు తీరిక వానికి దొరకదు. రామప్పను చూచుటకు ఇదియే తగిన క్రమమని నా నమ్మకము. ఆ గుడిలో దీపము వెలుగుటకు చమురును, నైవేద్యమునకు బియ్యమును వచ్చిన దారియు ఇదియే.

దక్షిణమున పాకాలనుండి ఉత్తరమున గణపురము వరకు ఈ సీమ యంతయు గుట్టల వరుసలతోను, ఆ గుట్టలమీద టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్ల అడవితోను నిండియుండెడిది. ఇప్పటికిని చాలభాగము నిండియే యున్నది. చదునుగా పరచుకొన్న నేలపై చెరువునకు పొడవైన కట్ట వలయును. ఇచ్చట రెండు గుట్టల నడిమి సందు మూసినచో చాలును, వెనుక లోయ యంతయు నీరగును. రామప్ప చెరువునకు మూడుదిక్కుల గుట్టలే గట్లు. నాలుగవ దిక్కున మాత్రమే మనుష్యుని చేయి పడినది. లక్నవరపు చెరువుననైతే ఆ చేయి మఱింత పొదుపుగా పడినది. అచ్చటి నీటినడుమ నేడు దీవులుగా కనబడునవి చెరువు నిండకమున్ను గుట్టల నెత్తములే. ఈ చోటులను ఎన్నుకొన్నవాడు కొలతకఱ్ఱతో వచ్చినవాడై యుండడు. ఏ వాగు ఏ మాసమున ఎంత పొంగునో, ఏ సందున గాలి చల్లగా తగులునో కాలినడకన తిరిగి తెలిసికొన్నవాడే యై యుండవలెను.

ఆ కాలమును గూర్చి రెండు మాటలు. దేవగిరి యాదవులతో జరిగిన పోరాటములలో కాకతి రుద్రదేవుడును, ఆయన పిమ్మట తమ్ముడు మహాదేవుడును మడియగా, మహాదేవుని కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు బందీ యయ్యెను. ఏలిక లేని ఆ రోజులలో రాజ్యము చీలికలు కాకుండ మోసి నిలిపినవాడు రేచర్ల రుద్రుడను సేనాని. గణపతిదేవుడు విడుదలయై 1199లో సింహాసన మెక్కి 1262 వరకు ఏలెను. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో తన పేరిట రుద్రేశ్వరుని ప్రతిష్ఠించి, దేవునికి ఊళ్ళ నిచ్చి శాసనము వేయించెను. గుడియు చెరువును ఆయన చలువయే. లోక మాయన పేరు మరచి, శిల్పి పేరని జనశ్రుతిగల రామప్ప పేరనే గుడిని, చెరువును పిలుచుచున్నది. సేనాని నొచ్చుకొని యుండునేమో గాని, నా కిందులో అన్యాయమేమియు కనబడదు.

సేనానులును మంత్రులును చెరువు త్రవ్వించుటకు పోటీపడుట కేవలము దయాధర్మము కాదు. తనయుడు, తటాకము, కావ్యము, నిధానము, అగ్రహారము, వనము, దేవాలయము అను సప్తసంతానములలో చెరువొకటి. కొడుకు లేనివానికి గూడ చెరువు ఉత్తరగతి నిచ్చునని నమ్మకము. ఆ నమ్మకము వెనుక గట్టి లెక్క కలదు. అడవి కొట్టి చెరువు కట్టినచో క్రింద మాగాణి ఏర్పడును, మాగాణివలన పన్ను పెరుగును, పన్నువలన సేన నిలుచును. చెరువు కట్టించినవానికో, దానిని బాగుచేయుచుండువానికో ఆయకట్టులో పదియవపాలు భూమిని పన్ను లేకుండ విడుచు దశబంధమను ఏర్పాటు ఆ నాటి శాసనములలో కానవచ్చును. ఎంత పని పట్టెడిదో ఊహించుటకు కాకతీయుల తరువాతిదైన ఒక శాసనము తోడ్పడును: కడప సీమలోని పోరుమామిళ్ళలో విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఆ శాసనము చెరువునకు ఉండవలసిన 12 అంగములను, ఉండగూడని 6 దోషములను ఏకరువు పెట్టి, దినమునకు వేయిమంది కూలీలు, రాతిపనికి నూఱు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని చెప్పుచున్నది. పాలంపేట కట్టపోతకు అట్టి లెక్క మనకు దక్కలేదు. ఆ కూలీల బసలు, వారి పొయ్యిరాళ్ళు, వారి పిల్లల ఏడ్పులు ఏ శాసనమునకును ఎక్కలేదు.

కట్టకు దిగువను, కాలువ ప్రక్కన, నా వెనుక చక్రమున తుమ్మముల్లు దిగినది. సైకిలు తలక్రిందుగా పెట్టి ట్యూబు లాగుచుండగా, పొలములోనుండి గోచి బిగించిన ఒక ముసలివాడు వచ్చి నిలుచుండెను.

"ఏడికి పోవాలె సారూ?"

"రామప్ప గుడికి."

"గుడికా? తారు రోడ్డు మంచిగుండె గద. గీ ముండ్లల్లకెల్లి ఎందుకొచ్చిన్రు?"

సమాధానము నాకు తోచలేదు. అతడును దానికై కాచుకొనక, ట్యూబు నా చేతిలోనుండి తీసికొని, గాలి నింపుమని సైగచేసి, కాలువనీటిలో ముంచి మెల్లగా త్రిప్పెను. ఒకచోట సన్నని బుడగలు వరుసగా లేచినవి. "గిదో" అని బొటనవ్రేలు నొక్కిపట్టెను. తూముద్వారా వచ్చి, వరికి పోవు తోవలో నా చిల్లిని చూపిన ఆ నీటిని నేను కొంతసేపు ఊరక చూచుచుంటిని. అతని తండ్రి నీరటి యట. తూము తెరచి మూయుట, మడిమడికి వంతు తప్పక నీరు పంచుట, వానరాత్రులలో కట్టకు గండి పడకుండ లాంతరుతో కాపుండుట నీరటి పని. కళ్ళములో ధాన్యము కొలుచునపుడు వాని పాలు వానికి ముట్టెడిది. పూర్వపు తూమున రెండు రాతిస్తంభములు నీటిలో నిలిచి, వాని నడుమ అడ్డురాళ్ళును, ఆ రాళ్ళ రంధ్రములగుండ దిగిన కఱ్ఱకు బిరడాయు నుండెడివి. బిరడా నెంత ఎత్తిన అంత నీరు. "గిప్పుడు మర తిప్పుతరు" అని ముసలివాడు చేయి గిరగిర త్రిప్పి చూపెను. ఆ చేతిసైగలో మెప్పో, తప్పో నాకు తెలియలేదు.

కట్టమీద కట్టమైసమ్మ గద్దె యున్నది: పసుపు, కుంకుమ, ఎండిన నిమ్మకాయలు, పగిలిన కొబ్బరిచిప్ప. సేనాని గుడికి పూజలు నిలిచిపోయిన శతాబ్దములలో గూడ ఈ తల్లికి బోనము నిలిచినట్లు తోచదు, ఏలయన కట్ట తెగునను భయము కాకతీయులతో పోలేదు.

గుడిని గూర్చి చెప్పినవారు పెక్కురు; నేను ముక్తసరిగా పోయెదను. పునాదిగోతిని ఇసుకతో నింపి దానిపై పీఠము నెత్తిరి; గోడలు ఎఱ్ఱని ఇసుకరాయి; స్తంభములును, చూరుక్రింద నిలిచిన మదనికలును అద్దమువలె నునుపెక్కిన నల్లరాయి; శిఖరమున వాడిన ఇటుక నీటిమీద తేలునంత తేలికైనది. ఆ నల్లరాతి వనితలలో ఒకతె కాలిలో ముల్లు తీయించుకొనుచున్నది. తుమ్మముల్లు అనుభవమున్నవానికి ఆ శిల్పమందలి ముఖము చిట్లింపు ఎంత యథార్థమో తెలియును. గణపతిదేవుని గజసేనాని జాయప రచించిన నృత్తరత్నావళిని, ఈ గుడి శిల్పములను ముందు పెట్టుకొని నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యమును పునరుద్ధరించిరి. నడిమండపపు నేల అలలవలె అణగియుండుట అందఱు చూతురు గాని, ఆ అణగుడులోనే గుడి కూలక నిలుచుటయు చూడదగినది.

1323లో ఓరుగల్లు తుగ్లకుల వశమైన పిమ్మట ఈ సీమను అడవి మరల మెల్లగా ఆక్రమించుకొనెను. నిజాము రాజ్యమున 1914లో పురావస్తుశాఖ ఏర్పడి, దాని అధిపతి గులాం యజ్దానీ పాలంపేట గుడులపై 1922లో ప్రకటించిన గ్రంథముతో లోకము దృష్టి ఇటు మరలినది. ఇంచుమించు ఆ దశకములలోనే పాకాల, రామప్ప, లక్నవరము చెరువుల మరమ్మతులును జరిగినవి. చరిత్రకారులు మొదటి పనిని ఘనముగా చెప్పుదురు; పొలముగల వారికి రెండవదే గుర్తు. 2021లో యునెస్కో గుడిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. పాలంపేటకు పోవు తారుబాటపై బస్సులు పెరిగినవి. కట్టమీద నాకు ఎదురైనవి రెండు ఎడ్లబండ్లు, ఒక మేకలమంద.

గణపురమున ఒకే ప్రాకారము లోపల 22 గుడుల సముదాయము, దానిని కోటగుళ్ళందురు, శిథిలమై యున్నది. ఊరి చెరువు గణపసముద్రము మాత్రము పంటకు నీరిచ్చుచునే యున్నది. పాకాల చెరువును గణపతిదేవుని మంత్రి బయ్యన నాయకుని కుమారుడు జగదాల ముమ్మడి కట్టించెను. మున్నేటికి పుట్టినచోటు అదియే. నిజాము వేటాడిన పాకాల అడవి 1952లో అభయారణ్యమైనది గాన, లోపలి బాటలపై సైకిలు త్రొక్కవలెనన్న అటవీశాఖ అనుమతి కావలెను.

పస్రా దాటి తాడ్వాయి మీదుగా తూర్పునకు పోవుకొలది చెరువులు పలుచనై, అడవి చిక్కనగును. ఈ తోవలోనే మేడారము. రెండేండ్ల కొకమారు మాఘ పూర్ణిమకు అచ్చట జరుగు జాతరకు లక్షలాది జనులు వత్తురు. చిలుకలగుట్టనుండి సమ్మక్కను, కన్నెపల్లినుండి సారలమ్మను కోయ పూజారులు తోడితెత్తురు. విగ్రహము లేదు, తల్లులు కుంకుమభరిణెగను వెదురుకఱ్ఱగను వత్తురు. భక్తులు తమ యెత్తు బెల్లమును బంగారమని పిలిచి గద్దెలకడ సమర్పింతురు. జనులు చెప్పుకొను కథలో, వరుసగా వానలు తప్పి పంటలు పండని కాలమున, మేడారపు దొర పగిడిద్దరాజు కప్పము చెల్లింపలేకపోగా, ప్రతాపరుద్రుని సేన అడవిమీదికి వచ్చెను. ఆయన యిల్లాలు సమ్మక్క, బిడ్డలు సారలమ్మ, జంపన్న ఎదురునిలిచి పోరాడిరి. జంపన్న పడిన వాగు జంపన్నవాగైనది. ఇది శాసనముల చరిత్ర కాదని పండితు లాక్షేపింతురు. వారి ఆక్షేపణ సరియైనదే. కాని ఈ కథ ఎక్కడ పుట్టినదో చూడుడు: కాకతీయుల తూముల నీరు అందని చోట. చెరువు కట్టిన రాజును పొగడు శాసనము ఆయకట్టులో నిలిచినది. కరవులో పన్నడిగిన రాజును తలచుకొను జాతర ఆయకట్టు దాటిన అడవిలో నిలిచినది. నా మట్టుకు ఈ రెంటిలో దేనిని విడిచినను కాకతీయుల కథ సగమే.

తెలంగాణ రాష్ట్రము 2015లో మిషన్ కాకతీయ పేర 46,000కు పైగా చెరువులలో పూడికతీతకు పూనుకొన్నది. ఆ పేరు పెట్టినవారు గుడులను గాక చెరువులను తలచి పెట్టిరి. అది నాకు నచ్చినది.

పాఠకులలో ఎవరైన ఆ వైపు పోదలచినచో, సంక్రాంతి దాటిన పిమ్మట యాసంగి నాట్లవేళ పోవలెను. అప్పుడు తూముక్రింది కాలువ నిండుగా పారును. గుడికి పోవుటకు ముందు కట్ట నెక్కుడు. ట్యూబు లొకటికి రెండు దగ్గర నుంచుకొనుడు.